'ఆయన' నుంచి 'నీవు' దాకా: దుఃఖంలోనూ లేమిలోనూ దొరికే దైవాదరణ

ఆపద మొక్కులు, సంపద మరపులు అని తెలుగులో ఒక సామెత ఉంది. కష్టం ముంచుకొచ్చినప్పుడు మాత్రమే దేవుణ్ణి తలచుకునే మనిషిని ఎత్తిపొడవడానికి దానిని వాడతారు. ఆ ఎత్తిపొడుపులో కొంత న్యాయం లేకపోలేదు గానీ, ధర్మగ్రంథాలు మాత్రం ఆ మనిషిని అంత చులకనగా చూడలేదు. భగవద్గీత ఏడో అధ్యాయం 16వ శ్లోకంలో శ్రీకృష్ణుడు తనను సేవించేవారు నాలుగు రకాలని చెబుతూ ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని అని వరసపెడతాడు. ఆ వరసలో మొదటివాడు బాధలో ఉన్నవాడు, మూడోవాడు ఏదో ఒకటి కావలసి వచ్చినవాడు. జ్ఞాని తనకు మిక్కిలి ప్రియుడని తర్వాతి శ్లోకంలో అన్నప్పటికీ, 18వ శ్లోకానికి వచ్చేసరికి 'వీరందరూ ఉదారులే' అని నలుగురినీ కలిపి మెచ్చుకుంటాడు. దుఃఖంతోనో అవసరంతోనో గుమ్మం దాకా వచ్చినవాడిని ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని నిలదీసే పని గీత పెట్టుకోలేదు.

వెళ్లినవాడికి దొరికేది ఏమిటన్నది అసలు ప్రశ్న. పోయిన మనిషి తిరిగి రాడు, అప్పు ప్రార్థన ముగిసేలోగా తీరిపోదు. అయినా ఎన్నో తరాలుగా, ఎన్నో భాషల్లో, కోలుకోలేరని చుట్టూ ఉన్నవారు అనుకున్న మనుషులు తమకు దేవుడి దగ్గర ఊరట దొరికిందని చెబుతూనే ఉన్నారు. ఆ మాటను భ్రమ అని కొట్టిపారేయడం సులభం, మహిమ అని చేతులు జోడించి ఊరుకోవడం అంతకంటే సులభం. ఆ ఊరట ఏ దారిన వస్తుందో, ఎక్కడ అడ్డం తగులుతుందో తెలియాలంటే, దుఃఖితులు దేవుడితో మాట్లాడిన మాటలను వాటి వ్యాకరణంతో సహా కాస్త దగ్గరగా చదవాలి.

ముందు పదం సంగతి. తెలుగులో ఈ అర్థానికి ఉపశమనం, సాంత్వన, ఊరట, ఓదార్పు వంటి మాటలు చాలానే ఉన్నాయి. తెలుగు బైబిలులో తరచుగా కనబడేది మాత్రం 'ఆదరణ'. ఈ ఎంపిక చాలా చక్కగా కుదిరింది. ఉపశమనం అన్నప్పుడు తగ్గేది నొప్పి. మందుబిళ్ల కూడా ఉపశమనం ఇస్తుంది. ఆదరణ అన్నప్పుడు ఎదురుగా ఇంకొకరు ఉండి తీరాలి. ఎవరో ఒకరు చేరదీస్తేనే అది ఆదరణ అవుతుంది, నొప్పి తగ్గడం తగ్గకపోవడం ఆ తర్వాతి మాట. యోహాను సువార్త 14వ అధ్యాయంలో 'ఆదరణకర్త' అని తెలుగులోకి వచ్చిన గ్రీకు మాట 'పరాక్లేతోస్'కు కూడా మూలార్థం పక్కన ఉండడానికి పిలవబడినవాడు అనే. కాబట్టి ఈ గ్రంథాలు మాట ఇస్తున్నది బాధ మాయమవుతుందని కాదు, పక్కన ఎవరో ఉంటారని. ఈ తేడా తెలియక పోవడం వల్లే చాలామంది ప్రార్థించినా బాధ తగ్గలేదని, తమ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందని కుంగిపోతారు.

బైబిలులోని 23వ కీర్తనను ఈ దృష్టితో చదివితే ఒక విశేషం కనబడుతుంది. ఆరు వచనాల చిన్న కీర్తన అది, నోటికి వచ్చినవారు లెక్కలేనంతమంది. 'యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు' అని మొదలై, ఆయన పచ్చికబయళ్లలో పరుండజేస్తున్నాడు, ఆయన శాంతికరమైన జలాల దగ్గరికి నడిపిస్తున్నాడు అంటూ మూడు వచనాల పాటు సాగుతుంది. అంతవరకూ దేవుడు 'ఆయన'. నాలుగో వచనంలో దారి గాఢాంధకారపు లోయలోకి దిగుతుంది. దిగిన మరుక్షణం సర్వనామం మారిపోతుంది: 'నీవు నాకు తోడైయుందువు, నీ దుడ్డుకర్రయు నీ దండమును నన్ను ఆదరించును'. పచ్చిక మీద ఉన్నంతసేపూ ఎవరితోనో దేవుడి గురించి చెబుతున్న మనిషి, చీకట్లో అడుగుపెట్టగానే చెప్పడం ఆపి దేవుడివైపే తిరిగాడు. ఆదరణ అనే మాట ఆ కీర్తనలో మొదటిసారి వచ్చేదీ అక్కడే. లోయ దాటిపోయిందని ఆ వచనం అనలేదు.

పోతన భాగవతం అష్టమ స్కంధంలోని గజేంద్రుడి మొరలో కూడా సరిగ్గా ఇదే మలుపు ఉంది. మొసలి పట్టు బిగిసి, సొంత బలం మీద ఆశ పూర్తిగా వదులుకున్నాక ఏనుగు దేవుణ్ణి తలచుకోవడం మొదలుపెడుతుంది. 'ఎవ్వనిచే జనించు జగము' అన్నది తొలి పద్యాల్లో ఒకటి. అందులో తత్త్వం ఉంది, స్తుతి ఉంది, గాంభీర్యం ఉంది. దేవుడు మాత్రం 'ఎవ్వడు', 'వాడు'గానే ఉన్నాడు. ఆ స్తుతి సాగుతుండగానే సందేహం పుట్టుకొస్తుంది. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పాల ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు, 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అని గజేంద్రుడు అడిగేస్తాడు. భక్తికావ్యం నడిమధ్యన, భక్తుడి నోటనే, దేవుడు ఉన్నాడా లేడా అన్న ప్రశ్నను నిలబెట్టిన పోతన ధైర్యం గురించి చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదేమో అనిపిస్తుంది. ఆ సందేహం దాటాకే 'లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె' అనే పద్యం వస్తుంది. బలం లేదు, ప్రాణాలు ఠావులు తప్పాయి, మూర్ఛ వస్తోంది, ఒళ్లు డస్సింది అని ఒంటి పరిస్థితిని ఒక్కొక్కటిగా చెప్పుకుని, 'నీవే తప్ప నితఃపరం బెరుగ' అంటాడు. 'వాడు' ఇక్కడ 'నీవు' అయ్యాడు. 'రావే', 'కావవే' అనే చనువైన పిలుపులూ ఈ పద్యంలోనివే.

ఖుర్‌ఆన్ తొలి అధ్యాయం ఫాతిహా ఏడు వాక్యాలది. ముస్లిములు రోజూ చేసే ప్రతి నమాజులోనూ చదివేది. సకల లోకాల ప్రభువుకు స్తుతి, ఆయన కరుణామయుడు, తీర్పుదినానికి యజమాని అని మొదటి సగం నడుస్తుంది. సహాయం అడిగే వాక్యం దగ్గరికి వచ్చేసరికి, మేము నిన్నే ఆరాధిస్తున్నాము, నీ సహాయాన్నే అర్థిస్తున్నాము అని మాట నేరుగా తిరుగుతుంది. మాటలో ఇలా పురుష మారడాన్ని అరబ్బీ అలంకారికులు 'ఇల్తిఫాత్' అంటారు. ముఖం తిప్పి ఒకరివైపు చూడడం అని ఆ పదానికి అర్థం.

ఈ మూడు గ్రంథాల సిద్ధాంతాలు ఒకటి కావు, వాటిని ఒకటి చేయాలన్న ఉత్సాహం ఇక్కడ అవసరం లేదు కూడా. అయితే కష్టంలో ఉన్న మనిషి నోట మాట ఎలా మలుపు తిరుగుతుందన్న విషయంలో మూడూ ఒకే సంగతిని పట్టుకున్నాయి. ఊరట దేవుడి గురించి తెలుసుకున్న విషయాల నుంచి కాక, దేవుడితో మాట్లాడడం నుంచి మొదలవుతుంది. దేవుడు దయామయుడు అన్న వాక్యం దుఃఖంలో లేనివాడికి సత్యంగా ఎంత బాగున్నా, దుఃఖంలో ఉన్నవాడికి దాన్ని వందసార్లు వినిపించినా చలనం ఉండకపోవచ్చు. అదే మనిషి నీకు దయ లేదా అని ఒక్కసారి గట్టిగా అడిగినప్పుడు మనసు కాస్త తేలికపడడం చూస్తాం. మొదటి వాక్యం భక్తి లాగా, రెండోది నింద లాగా వినబడుతుంది. సంబంధం ఉన్నది మాత్రం రెండోదానిలోనే.

బైబిలులోని యోబు గ్రంథం 42 అధ్యాయాల పొడుగునా చర్చించేది ఈ భేదాన్నే. ఏడుగురు కొడుకులను, ముగ్గురు కూతుళ్లను, ఆస్తిని, ఆరోగ్యాన్ని పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులు వస్తారు. దూరం నుంచి చూసి గుర్తుపట్టలేక ఏడుస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన నేల మీద కూర్చుంటారు; అతని బాధ అత్యధికమని గ్రహించి ఒక్కరూ ఒక్క మాటా మాట్లాడరు. ఆ వారం రోజులూ వాళ్లు చేసినది నిఖార్సయిన ఆదరణ. ఆ తర్వాత నోరు విప్పారు, అక్కడే అంతా చెడిపోయింది. పాపం చేయనివాడికి ఇంత కష్టం రాదని ఒకరు, పిల్లలే ఏదో తప్పు చేసి ఉంటారని ఇంకొకరు, నీకు పడవలసిన దానికంటే తక్కువే పడిందని మరొకరు వాదిస్తారు. 'మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు' అని 16వ అధ్యాయంలో యోబు విసిగిపోయి అంటాడు.

ఆ స్నేహితుల మాటలను విడివిడిగా తీసి చూస్తే తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. దేవుడు న్యాయవంతుడు, మనిషి అల్పుడు, పశ్చాత్తాపపడితే క్షమ దొరుకుతుంది అనే మాటలను ఎవరు కాదంటారు? యోబు మాటలే ఘోరంగా ఉంటాయి. పుట్టిన రోజును శపిస్తాడు, నన్ను గురిపెట్టి ఎందుకు కొడుతున్నావని దేవుణ్ణి నిలదీస్తాడు, న్యాయస్థానంలో ఎదురెదురుగా నిలబడదాం రమ్మన్నంత పని చేస్తాడు. అయినా చివరి అధ్యాయంలో దేవుడి కోపం రగులుకున్నది ఆ ముగ్గురి మీద: నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు అంటాడు. వాళ్లు తమ ప్రసంగాలన్నింటిలో ఒక్కసారి కూడా దేవుడితో మాట్లాడలేదు, దేవుడి గురించే మాట్లాడారు. దేవుడివైపు తిరిగి అరిచినవాడు యోబు ఒక్కడే. ఇంకొక సంగతి కూడా ఉంది. నాకెందుకు ఇలా జరిగింది అన్న ప్రశ్నకు 38 నుంచి 41 వరకు నాలుగు అధ్యాయాలు మాట్లాడిన దేవుడు జవాబు చెప్పనేలేదు. భూమికి పునాదులు వేసినప్పుడు నీవెక్కడ ఉన్నావు, అడవి మేకలు ఈనే కాలం నీకు తెలుసా అంటూ తానే తిరిగి ప్రశ్నలు వేశాడు. కారణం తెలియకుండానే యోబు శాంతించాడు. నిన్నుగూర్చి వినికిడి ద్వారా విన్నాను, ఇప్పుడు కన్నులారా నిన్ను చూస్తున్నాను అన్నాడు.

ముగింపులో యోబుకు పోయిన గొర్రెలు, ఒంటెలు, ఎద్దులు, గాడిదలు సరిగ్గా రెట్టింపై తిరిగి వస్తాయి. ఏడు వేల గొర్రెలు పద్నాలుగు వేలవుతాయి. పిల్లలు మాత్రం మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. మందలకు రెట్టింపు లెక్క కట్టిన గ్రంథకర్త పిల్లల విషయంలో ఆ లెక్క వేయలేదు. పోయినవారికి బదులుగా ఎవరూ రారని అతనికి తెలుసని అనుకోవడానికి ఇదొక ఆధారం.

ఫిర్యాదు విశ్వాసానికి విరుద్ధం కాదన్నది ఇంత స్పష్టంగా ఉన్నా, దుఃఖంలో ఉన్నవారికి చుట్టూ ఉన్నవారు చెప్పే మొదటి మాట ఏడవవద్దు అనే. దేవుడికి ఇష్టమైనవాళ్లనే ముందు తీసుకెళతాడు, అంతా మన మంచికే, ఇంకా కష్టాల్లో ఉన్నవాళ్లను చూసి తృప్తిపడు అనే మాటలు ఓదార్చే ఉద్దేశంతోనే వస్తాయి. నిజానికి అవి విన్నవాడి కంటే అన్నవాడినే ఎక్కువ ఓదారుస్తాయి. ఎదుటివారి శోకం చూసి కలిగే ఇబ్బంది నుంచి బయటపడే దారి చూపిస్తాయి. బైబిలులోని 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలు. పదమూడో కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఎంతకాలం అన్న ప్రశ్నను నాలుగుసార్లు అడుగుతుంది. చాలా విలాప కీర్తనలు చివరకు నమ్మకంవైపు తిరుగుతాయి. 88వ కీర్తన అలా తిరగదు. ఆప్తులు దూరమయ్యారు, మిగిలిన చుట్టం చీకటి ఒక్కటే అన్న అర్థంతో అది ఆగిపోతుంది. ప్రార్థనల సంకలనంలో అలాంటి ముగింపుకూ చోటు దొరికింది. ఆశ మాట రాని రోజున కూడా ప్రార్థన ప్రార్థనే అన్నది దాని అర్థం.

ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ అధ్యాయంలో యాకూబ్ ప్రవక్త కొడుకును పోగొట్టుకుని ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోతాయి. ఇంకా యూసుఫ్‌నే తలచుకుంటూ చావబోతావని కొడుకులు అన్నప్పుడు ఆయన ఇచ్చిన జవాబు, నా వేదనను, నా దుఃఖాన్ని అల్లాహ్‌తోనే మొరపెట్టుకుంటున్నాను అని. అదే అధ్యాయం మొదట్లో ఆయన ఎంచుకున్నది 'సబ్రున్ జమీల్', అంటే సొగసైన సహనం. ఆ సహనానికీ ఈ కన్నీళ్లకూ మధ్య వైరుధ్యం ఆ కథకు కనబడలేదు.

యోహాను సువార్త 11వ అధ్యాయంలో మరో దృశ్యం ఉంది. లాజరు చనిపోయి నాలుగు రోజులైంది. ముందుగా ఎదురొచ్చిన అతని సోదరి మార్త యేసుతో, నీవిక్కడ ఉంటే నా సహోదరుడు చావకుండును అంటుంది. తర్వాత వచ్చిన మరియ కూడా అక్షరాలా అదే అంటుంది. పలకరింపు లాగా ఉన్నా అది నిష్ఠూరం, సమయానికి రాలేదన్న నిష్ఠూరం. మార్తకు యేసు మాటతో సమాధానం చెబుతాడు: పునరుత్థానమును జీవమును నేనే. కాళ్ల మీద పడి ఏడుస్తున్న మరియకు ఆ మాట మళ్లీ చెప్పలేదు. సమాధి ఎక్కడ అని అడిగి, తానూ కన్నీళ్లు విడిచాడు. ఇంకాసేపట్లో లాజరును లేపబోతున్నవాడికి ఏడవవలసిన పని ఏముంది అని వ్యాఖ్యాతలు తలలు పట్టుకున్న చోటు అది. ఒకే ఫిర్యాదు తెచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకరికి మాట కావలసి వచ్చింది, ఒకరికి తోడు ఏడ్చే మనిషి కావలసి వచ్చింది అనుకుంటే చిక్కు విడిపోతుంది.

సొంత మాటలు అసలే రాని స్థితి ఒకటి ఉంటుంది. తీవ్రమైన దుఃఖం ముందుగా భాషనే తీసుకుపోతుంది. అలాంటప్పుడు పాతబడిన, నోటికి వచ్చిన ప్రార్థనలు పనికొస్తాయి. వాటిని మనసు పెట్టి చదవకపోయినా అవి మనిషిని పట్టుకుని ఉంటాయి. క్రీ.పూ. 586 ప్రాంతంలో యెరూషలేము ధ్వంసమైనప్పటి శోకాన్ని చెప్పే విలాపవాక్యముల గ్రంథంలో అయిదు కవితలున్నాయి. వాటిలో మొదటి నాలుగూ హీబ్రూ వర్ణమాలలోని 22 అక్షరాల వరసను పట్టుకుని నడుస్తాయి. ఊరు తగలబడి, పిల్లలు వీధుల్లో సొమ్మసిల్లి పడిపోతున్న సంగతి చెబుతూ అక్షరాల వరస చూసుకోవడం విచిత్రంగా తోచవచ్చు. కానీ అంతులేని ఏడుపుకు ఒక మొదలు, ఒక చివర దొరికేది ఆ కట్టుబాటు వల్లనే. మూడో కవిత దేవుణ్ణి 'ఆయన' అంటూ మొదలవుతుంది. ఆయన నన్ను చీకట్లోకి నడిపించాడు, ఆయన నా పళ్లను రాళ్లతో నలగ్గొట్టాడు అని నేరాల జాబితా చదువుతుంది. 23వ వచనానికి వచ్చాక, ప్రతి ఉదయం కొత్తగా పుట్టే వాత్సల్యం గుర్తుకొచ్చిన క్షణంలో, 'నీవు ఎంతైన నమ్మదగినవాడవు' అని దేవుడివైపు తిరుగుతుంది. నగరం అప్పటికీ శిథిలాల్లోనే ఉంది.

ఆధునిక మనస్తత్వ శాస్త్రం కూడా ఈ విషయాన్ని తన పద్ధతిలో పరిశీలించింది. కష్టకాలంలో మతాన్ని ఆశ్రయించడం అందరికీ ఒకేలా పనిచేయదని, అందులో మేలు చేసేదీ కీడు చేసేదీ రెండూ ఉన్నాయని అమెరికా మనస్తత్వవేత్త కెనెత్ పార్గమెంట్, ఆయన సహచరులు చెప్పారు. వారు తయారుచేసిన 14 వాక్యాల కొలమానంలో సగం దేవుడి ప్రేమను, తోడును వెతుక్కోవడం గురించినవి. మిగిలిన సగం దేవుడు నన్ను వదిలేశాడేమో, నా భక్తిలో లోపానికి శిక్ష వేస్తున్నాడేమో అనే తరహావి. రెండో రకం ఆలోచనలు ఎక్కువైన చోట మానసిక వేదన కూడా ఎక్కువగా కనబడుతుందని వారి అధ్యయనాలు చూపాయి. ఇక్కడ ఒక చిక్కు కనబడుతుంది. 'నా దేవా, నా దేవా, నీవు నన్నేల విడనాడితివి' అన్నది 22వ కీర్తన మొదటి వాక్యం, సిలువ మీద యేసు పలికినదీ అదే. కొలమానం ప్రకారం ఇది కీడు చేసే రకంలో చేరాలి. కానీ దేవుడు నన్ను వదిలేశాడు అని తనలో తాను తేల్చుకోవడం వేరు, నన్నెందుకు వదిలేశావని ఆయన్నే అడగడం వేరు. మొదటిది మూసిన తలుపు. రెండోదానిలో 'నా దేవా' అన్న పిలుపు ఇంకా బతికే ఉంది.

శిక్ష అన్న భావన గురించి ఒక మాట కటువుగానే చెప్పాలి. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇది ఏ పాపఫలమో అని చెప్పేవారు, వారు ఏ మతంవారైనా, యోబు స్నేహితుల బాటలోనే నడుస్తున్నారు. దైవాదరణకు దారి మూయడానికి అంతకంటే మేలైన సాధనం ఇంకొకటి లేదు. అలాగే దుఃఖం నెలల తరబడి ఏ మాత్రం సడలకుండా తిండి, నిద్ర, రోజువారీ పనులన్నింటినీ మింగేస్తుంటే వైద్యసహాయం తీసుకోవడం విశ్వాసలోపం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ 11వ కూర్పులో కనీసం 6 నెలలకు పైగా ఇలా సాగే దీర్ఘకాలిక దుఃఖాన్ని విడిగా ఒక రుగ్మతగా గుర్తించారు. ప్రార్థనా చికిత్సా ఒకదానికొకటి పోటీ కావు.

ఏలీయా కథలో ఇది చాలా స్పష్టంగా ఉంటుంది. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఆ ప్రవక్త ప్రాణభయంతో అరణ్యంలోకి పారిపోయి, ఒక చెట్టు కింద కూర్చుని, ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము అని ప్రార్థించి నిద్రపోతాడు. ఇలాంటి మనిషికి ఉపదేశం మొదలుపెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. వచ్చిన దూత అతన్ని తట్టి లేపి, లేచి భోజనం చేయమంటాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఉన్నాయి. తిని, తాగి, మళ్లీ పడుకుంటాడు. పడుకోనిస్తారు. రెండోసారి తట్టినప్పుడూ అదే మాట, కాకపోతే ప్రయాణం నీ శక్తికి మించినది అన్న ఒక్క కారణం జతయింది. దేవుడి స్వరం వినబడింది ఆ తర్వాత నలభై రోజులు నడిచి కొండ చేరాకనే. అక్కడ కూడా బండలను బద్దలు చేసే గాలిలోనూ భూకంపంలోనూ మంటలోనూ దేవుడు లేడు. ఆ మూడూ పోయాక మిక్కిలి నిమ్మళంగా ఒక స్వరం వినబడింది. చావాలనుకున్న మనిషికి ముందు నిద్ర, తిండి, నీళ్లు అందాయి, మాట చివర వచ్చింది.

లేమి విషయానికి వస్తే, దుఃఖంలో చెల్లే మాటలు ఇక్కడ అంతగా చెల్లవు. ఆకలిగా ఉన్నవాడికి పక్కన నేనున్నాను అంటే సరిపోదు. సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి అని చెప్పి, ఒంటికి కావలసినవి ఇవ్వకపోతే ఏమి ప్రయోజనం అని యాకోబు పత్రిక రెండో అధ్యాయం సూటిగా అడుగుతుంది. 'నా జనులను ఓదార్చుడి, ఓదార్చుడి' అని యెషయా గ్రంథం 40వ అధ్యాయం మొదట్లో దేవుడు అంటున్నది కూడా దుఃఖితులతో కాదు, ఇతరులతో, బహువచనంలో, రెండుసార్లు. దేవుడి ఆదరణ తరచుగా మనుషుల చేతుల్లోంచే అందుతుంది. అందని చోట తప్పు ఎవరిదన్నది తేల్చుకోవలసినవారు కడుపు నిండినవారు.

అయినా అవసరంలో ఉన్నవాడు ప్రార్థనలో పొందేది, అడిగిన వస్తువు ఒక్కటే కాదు. సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా బిడ్డ కోసం పెదవులు మాత్రం కదుపుతూ ఏడుస్తూ ప్రార్థిస్తుంటే, యాజకుడు ఏలీ ఆమెను తాగి ఉందనుకుని కసురుతాడు. మనోదుఃఖంతో ఆత్మను యెహోవా సన్నిధిలో కుమ్మరించుకుంటున్నానని ఆమె చెప్పాక అతను దీవించి పంపుతాడు. ఆమె వెళ్లి భోజనం చేసింది, అప్పటినుంచి దుఃఖముఖిగా ఉండడం మానింది. ఆమెకు కొడుకు పుట్టడానికి ఇంకా సమయం ఉంది. చేతికి ఏమీ రాకముందే ముఖం మారింది. బరువంతా ఎక్కడో ఒకచోట దించినందువల్ల వచ్చిన మార్పు అది. దీన్ని ఆత్మవంచన అనేవారు ఉంటారు గానీ, మళ్లీ అన్నం తినగలగడం చిన్న విషయమేమీ కాదు.

అవసరాన్ని తీర్చే తీరులో కూడా ఈ కథలకు ఒక అలవాటు ఉంది. నిర్గమకాండం 16వ అధ్యాయంలో అరణ్యంలో కురిసిన 'మన్నా' అనే ఆహారాన్ని ఏ రోజుకారోజే ఏరుకోవాలి. విశ్రాంతిదినం ముందు రోజు తప్ప, మర్నాటికి దాచినది పురుగులు పట్టి కంపు కొట్టింది. క్రైస్తవులు నిత్యం చేసే ప్రార్థనలో అడిగేది కూడా అనుదినాహారమే, నేటికి. ఏడాదికి సరిపడా నిల్వ ఉన్నవాడికి ఈ ప్రార్థన లాంఛనం. రేపటి సంగతి తలచుకుంటేనే గుండె జారిపోయేవాడికి ఇది ప్రాణాధారం, ఎందుకంటే మోయవలసిన బరువును అది ఒక్క రోజుకు కుదిస్తుంది. కొత్తగా దుఃఖం వచ్చినవారు కూడా ఒక్కో పూట గడిపితే చాలని చెప్పుకోవడం ఇందుకే.

కరువు కాలంలో సారెపతు అనే ఊరి విధవరాలు ఏలీయాకు కనబడినప్పుడు పుల్లలు ఏరుకుంటోంది. నీళ్లు అడిగాడు, తేవడానికి వెళుతుంటే రొట్టెముక్క కూడా తెమ్మన్నాడు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె తప్ప ఏమీ లేవని, నేనూ నా కొడుకూ చావకముందు దాన్ని వండుకుని తినడానికే రెండు పుల్లలు ఏరుకుంటున్నానని ఆమె చెప్పింది. లెక్కపెట్టుకున్న పుల్లలవి, ఆ పూటకు సరిపడా. కరువు తీరేదాకా తొట్టిలోని పిండి తక్కువ కాదు, బుడ్డిలోని నూనె అయిపోదు అని ప్రవక్త ఆమెకు మాట ఇచ్చాడు, అలాగే జరిగింది. కథ అక్కడితో ఆగి ఉంటే బాగుండేదని చాలామంది అనుకుంటారు. కానీ అదే అధ్యాయంలో, పిండీ నూనే తరగని ఆ ఇంట్లోనే, ఆమె కొడుకు జబ్బుపడి ఊపిరి వదులుతాడు. నా కుమారుని చంపడానికే వచ్చావా అని ఆమె ప్రవక్త మీద విరుచుకుపడుతుంది. ఏలీయా ఆమెను వారించలేదు, కారణం చెప్పలేదు. పిల్లవాణ్ణి ఆమె ఒడిలోంచి తీసుకుని, మేడగదిలోకి వెళ్లి తన మంచం మీద పడుకోబెట్టి, ఆమె అడిగిన ప్రశ్ననే తీసుకుని దేవుడివైపు తిరిగాడు: యెహోవా, నా దేవా, నన్ను చేర్చుకున్న ఈ విధవరాలికి కూడా కీడు చేశావా? పిల్లవాడికి ప్రాణం తిరిగి రావడం ఆ తర్వాతి మాట. అంతకుముందు, ఆమె ఫిర్యాదును తనదిగా చేసుకుని మోసుకెళ్లే మనిషి ఒకడు ఆ ఇంట్లో ఉన్నాడు.